మంచు పలక మీద పంతొమ్మిది మంది

1872 అక్టోబరు 15 రాత్రి. గ్రీన్‌లాండ్‌కు పడమటి సముద్రంలో పోలారిస్ అనే అమెరికా ఓడను ఒక పెద్ద మంచు పలకకు మోకులతో కట్టేసి ఉంచారు. గాలివాన ముదిరింది. కదిలొచ్చిన మంచు గుట్టలు ఓడను పక్కనుంచి ఎత్తి పలకకేసి నొక్కుతున్నాయి. దూలాలు పెళపెళమంటున్నాయి. అంతలో ఇంజనీరు పైకి పరుగెత్తుకొచ్చి, అడుగున నీళ్లు తన్నుకొస్తున్నాయని కేక పెట్టాడు. ఓడ నడిపే బాధ్యతలో ఉన్న బడింగ్టన్‌కు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఉన్నదంతా మంచు మీదికి విసిరేయండని హుకుం వేశాడు.

విసిరారు. రొట్టె సంచులు, మాంసం డబ్బాలు, బొగ్గు, తోళ్లు, ఏది చేతికందితే అది. ఆడవాళ్లనూ పిల్లలనూ దింపారు. తిమింగలాల ఓడల్లో తల పండిన జార్జ్ టైసన్ మంచు మీదికి దిగి, సామాను ఓడ కింద పడి నలిగిపోకుండా దూరంగా లాగుతున్నాడు. ఒకసారి పైకెక్కి అడిగితే, నీళ్లు రోజూ వచ్చేంతే వస్తున్నాయని తేలింది. ఇంజనీరు కేక ఉత్త కంగారు. కానీ ఈలోగా సగం సామాను, సగం మనుషులు మంచు మీద ఉన్నారు.

టైసన్ మళ్లీ దిగాడు. అప్పుడే పలక పగిలింది. మోకులు తెగాయి. ఓడ చీకట్లోకి కొట్టుకుపోయింది.

కాళ్ల కింద మంచు ముక్కలు ముక్కలవుతోంది. విడిపోతున్న రెండు ముక్కల మీదుగా మస్క్ ఎద్దు తోళ్ల మూట ఒకటి వేలాడుతూ కనబడితే, తోళ్లు పనికొస్తాయి కదా అని టైసన్ దాన్ని తన వైపు గుంజాడు. మూట కదిలింది. విప్పి చూస్తే లోపల పసిపిల్లలు, ఒకళ్లనొకళ్లు కరుచుకుని. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే మూట నీళ్లలో ఉండేది.

తెల్లారి లెక్క చూసుకుంటే పంతొమ్మిది మంది తేలారు. టైసన్, వాతావరణం రికార్డు చేసే మేయర్, ఒక వంటవాడు, ఒక స్టివార్డు, ఆరుగురు నావికులు. మిగిలిన తొమ్మిది మంది ఆర్కిటిక్ మూలవాసులైన ఇన్యూట్‌లు: వేటగాడు ఇపిర్విక్, అతని భార్య తుకులిటో, వాళ్ల పెంపుడు కూతురు పనిక్, గ్రీన్‌లాండ్ వేటగాడు హాన్స్ హెండ్రిక్, అతని భార్య మెర్కుట్, నలుగురు పిల్లలు. ఆ నలుగురిలో చిన్నవాడికి రెండు నెలలు. ఆగస్టులో ఓడ మీదే పుట్టాడు. చార్లీ పోలారిస్ అని పేరు పెట్టారు.

పగటి వెలుతురులో పోలారిస్ దూరంగా కనిపించింది కూడా. పొగ గొట్టం, తెరచాప తెలుస్తున్నాయి. జెండాగా రబ్బరు గుడ్డ ఎత్తి ఊపారు. ఓడ ఇటు రాలేదు. ఒక కొండ కొమ్ము చుట్టూ తిరిగి మాయమైంది. బడింగ్టన్ ఎందుకు రాలేదన్న దాని మీద తర్వాత వాషింగ్టన్‌లో విచారణ కమిటీ కూర్చుంది. తేల్చింది మాత్రం తక్కువే.

పలక చుట్టుకొలత నాలుగు మైళ్లు. దాని మీద చిన్న మంచు గుట్టలు, గడ్డకట్టిన మంచినీటి మడుగులు. తినడానికి పద్నాలుగు డబ్బాల పెమ్మికాన్, అంటే కొవ్వు కలిపి దంచిన ఎండు మాంసం. పదకొండున్నర సంచుల రొట్టె. పద్నాలుగు హామ్‌లు, అంటే ఉప్పులో ఊరిన పంది తొడలు. ఒక డబ్బా ఎండు యాపిల్స్. రెండు పడవలు. వాళ్లున్నది రేపో మాపో సూర్యుడు మూడు నెలలు మొహం చాటేసే చోటు. పలక ఆగి లేదు. దక్షిణానికి పోతోంది.

*

వీళ్లంతా ఇక్కడికి ఎలా వచ్చారో చెప్పాలంటే ఒక పిచ్చివాడి దగ్గర మొదలుపెట్టాలి. చార్లెస్ ఫ్రాన్సిస్ హాల్‌ను అప్పట్లో చాలామంది పిచ్చివాడనే అనుకున్నారు. చదువు అంతంత మాత్రం. కమ్మరి పని చేశాడు, ముద్రలు చెక్కాడు, సిన్సినాటిలో చిన్న పత్రిక నడిపాడు. సముద్రం మీద అనుభవం సున్నా. అతని తలకెక్కింది ఫ్రాంక్లిన్ కథ.

1845లో సర్ జాన్ ఫ్రాంక్లిన్ అనే బ్రిటిష్ నావికాధికారి ఎరెబస్, టెర్రర్ అనే రెండు ఓడలతో, 129 మందితో ఆర్కిటిక్ మీదుగా ఆసియాకు దారి వెతకడానికి బయల్దేరాడు. ఒక్కడూ తిరిగి రాలేదు. ఓడ మీద ఓడ పంపి ఏళ్ల తరబడి వెతికించారు. 1854లో హడ్సన్స్ బే కంపెనీ డాక్టరు జాన్ రే ఒక కబురు తెచ్చాడు. ఆ కబురు అతనికి ఇన్యూట్‌లు చెప్పారు: తెల్లవాళ్లు ఆకలికి మాడి, నడుస్తూ నడుస్తూ పడిపోయారు, చివరికి చచ్చినవాళ్లను తిన్నారు.

లండన్ భగ్గుమంది. ఫ్రాంక్లిన్ భార్య రే మీద మండిపడింది. చార్లెస్ డికెన్స్ తన పత్రికలో కలం ఝుళిపించాడు. ఇంగ్లీషు నావికుడు తోటి మనిషిని తినడమా, అడవి మనుషుల మాట ఎవడు నమ్ముతాడు, అసలు ఆ ఇన్యూట్‌లే వాళ్లను చంపి ఉండకూడదా అన్న వాదన అది. నవలల్లో పేదవాడి పక్షాన అంతగా నిలబడ్డ రచయిత, ఇన్యూట్‌లు చూసింది చెప్పినందుకు వాళ్లనే బోనెక్కించాడు. నాకు డికెన్స్ ఇష్టమే. ఈ వ్యాసాలు మాత్రం మింగుడుపడవు.

హాల్‌కు తట్టింది ఇంకొకటి. ఇంతమంది వెతికారు సరే, అక్కడి మనుషుల్ని కూర్చోబెట్టి అడిగినవాళ్లు ఎందరు? వాళ్లతో ఉండి, వాళ్లు తినేది తిని, వాళ్ల భాష నేర్చుకుంటే తప్ప నిజం బయటికి రాదనుకున్నాడు. పెళ్లాం పిల్లల్ని వదిలేసి, 1860లో తిమింగలాల వేటకు వెళ్లే ఓడ ఒకటి ఎక్కాడు. మన ఆదిలాబాద్ అడవుల్లో 1940లలో మానవశాస్త్రవేత్తలైన హైమెన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో గోండుల మధ్య గుడిసె వేసుకుని ఉన్న సంగతి తెలిసినవాళ్లకు ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. ఎనభై ఏళ్ల ముందు, శాస్త్రం చదవని ఒక కమ్మరికి ఇది తోచడం విశేషం.

ఆ ఏడాది నవంబరులో, కెనడా ఉత్తరాన బాఫిన్ దీవి ఒడ్డున ఓడ లంగరేసి ఉండగా, తన గదిలో రాసుకుంటున్న హాల్‌కు వెనక నుంచి చక్కని ఇంగ్లీషులో ఒక ఆడగొంతు పలకరింపు వినబడింది. తిరిగి చూస్తే గౌను, టోపీ వేసుకున్న ఇన్యూట్ యువతి. ఆమే తుకులిటో. వయసు ఇరవై రెండో ఏమో. 1853లో ఒక ఇంగ్లీషు వ్యాపారి ఆమెను, భర్త ఇపిర్విక్‌ను ఇంగ్లండ్ తీసుకెళ్లాడు. విక్టోరియా రాణి ఎదుట నిలబడ్డారు, విందు తిన్నారు. తుకులిటోకు టీ కాయడం తెలుసు, ఊలు అల్లడం తెలుసు. తెల్లవాళ్లు హన్నా అని, భర్తను జో అని పిలిచేవారు.

ఆ పరిచయం పదకొండేళ్లు సాగింది. హాల్ రాసిన ప్రతి ఇన్యూట్ కథనం వెనుక ఆమె అనువాదం ఉంది. భాష తిప్పి చెప్పడమే కాదు, ఎవరిని ఏమడగాలో, ఎలా అడిగితే నొచ్చుకోరో ఆమెకే తెలుసు. 1861 జనవరి నుంచి హాల్ వాళ్లతో ఇగ్లూలో, అంటే మంచు దిమ్మెల ఇంట్లో, ఉండటం నేర్చుకున్నాడు. పచ్చి మాంసం మింగడం నేర్చుకున్నాడు.

వాళ్ల నోట అతను విన్న ఒక ముచ్చట ఇక్కడ ఆగి చెప్పుకోవాలి. ఊకిజాక్సీ నినూ అనే ముసలావిడ, తన పెద్దల నుంచి విన్నదంటూ చెప్పింది: చాలా చాలా కాలం కిందట తెల్లవాళ్ల ఓడలు వచ్చాయి. మొదట రెండు, మరుసటి ఏడు మూడు, ఆ తర్వాత ఎన్నెన్నో. ఐదుగురు తెల్లవాళ్లు ఇక్కడే చిక్కుపడిపోయారు. హాల్ ఆమె చెప్పిన దీవికి వెళ్లి చూస్తే బొగ్గు, ఇటుక ముక్కలు, తవ్విన కందకాలు కనబడ్డాయి. అవి మార్టిన్ ఫ్రాబిషర్ అనే ఇంగ్లీషు నావికుడి తవ్వకాలు. అతను 1576, 1577, 1578ల్లో వరసగా మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి రెండు ఓడలతో బయల్దేరాడు, రెండోసారి మూడింటితో, మూడోసారి పదిహేనింటితో. మొదటి యాత్రలో ఐదుగురు మనుషులు కనబడకుండా పోయారు. దాదాపు మూడు వందల ఏళ్ల కిందటి సంగతి, అక్షరం లేని జనం నోట, లెక్క తప్పకుండా నిలిచింది. ఒగ్గు డోలు దరువు మీద రాత్రంతా వంశాల చరిత్ర వినిపించేవాళ్లు ఉన్న మా సిరిసిల్ల, వేములవాడ పల్లెల్లో దీనికి నోరెళ్లబెట్టేవాళ్లు తక్కువే. లండన్‌కు మాత్రం అది వింత.

1862లో హాల్ వాళ్లను అమెరికా తీసుకెళ్లాడు. డబ్బు పుట్టించడానికి న్యూయార్క్‌లో బార్నమ్ మ్యూజియంలో ఆ కుటుంబాన్ని ప్రదర్శనకు పెట్టాడు. అక్కడే తుకులిటో పసిబిడ్డకు జబ్బు చేసింది. 1863లో చనిపోయాడు. ఇంతగా వాళ్లను నమ్ముకున్న మనిషి ఇలా ఎలా చేశాడన్న ప్రశ్న హాల్‌ను వదలదు, వదలకూడదు. రెండో యాత్ర 1864 నుంచి 1869 దాకా. ఆ యాత్రలో పుట్టిన రెండో బిడ్డా దక్కలేదు. తర్వాత పనిక్‌ను పెంచుకున్నారు. కింగ్ విలియం దీవిలో ఫ్రాంక్లిన్ మనుషుల ఎముకలు హాల్‌కు దొరికాయి. బతికున్నవాళ్లు ఎవరూ దొరకలేదు.

మూడోసారి అమెరికా ప్రభుత్వమే 50,000 డాలర్లు ఇచ్చి ఉత్తర ధ్రువానికి పంపింది. అదే పోలారిస్. 1871లో అప్పటిదాకా ఏ ఓడా చేరనంత ఉత్తరానికి, 82 డిగ్రీలు దాటి వెళ్లింది. అక్టోబరు 24న కుక్కల బండి మీద వెళ్లొచ్చిన హాల్ ఒక కప్పు కాఫీ తాగాడు. వెంటనే కడుపులో తిప్పింది, మంచాన పడ్డాడు. నాకు విషం పెట్టారని కలవరించాడు. డాక్టరు బెస్సెల్స్‌ను దగ్గరికి రానివ్వకుండా కొన్నాళ్లు మొండికేశాడు. మళ్లీ రానిచ్చాడు. నవంబరు 8న ప్రాణం పోయింది. విచారణలో మెదడులో రక్తనాళం చిట్లిందని రాసి ముగించారు. 1968లో చాన్సీ లూమిస్ అనే అమెరికన్ ప్రొఫెసర్ వెళ్లి ఆ సమాధి తవ్వాడు. మంచులో శరీరం చాలావరకు చెడలేదు. గోళ్లు, వెంట్రుకలు పరీక్షిస్తే, చివరి రెండు వారాల్లో ఒంట్లోకి పెద్ద మోతాదులో ఆర్సెనిక్ అనే విషం వెళ్లిందని తేలింది. ఎవరు పెట్టారో తేలలేదు. అప్పటి మందుల్లోనూ ఆర్సెనిక్ ఉండేది మరి.

నాయకుడు పోయాక ఓడలో క్రమశిక్షణ పోయింది. అలాంటి మనుషులే పదిమంది ఇప్పుడు మంచు పలక మీద ఉన్నారు.

*

మొదటి పని ఇపిర్విక్ చేశాడు. గడ్డకట్టిన మంచును దిమ్మెలుగా కోసి, ఒకదాని మీద ఒకటి వంచి పేర్చి ఇగ్లూలు కట్టాడు. తనకూ భార్యాబిడ్డకూ ఒకటి, హాన్స్ కుటుంబానికి ఒకటి, నావికులకు ఒకటి. సామాను దాచడానికి ఇంకొకటి. టైసన్ ఇపిర్విక్ ఇగ్లూలో చేరాడు.

టైసన్ పరిస్థితి చూడండి. వయసులో, అనుభవంలో పెద్దవాడు. కానీ ఒంటి మీద బట్టలు తప్ప ఏమీ లేవు, తుపాకీ కూడా లేదు. నావికుల చేతుల్లో తుపాకులున్నాయి. వాళ్లలో ఎక్కువమంది జర్మన్లు, తమలో తాము జర్మన్‌లో మాట్లాడుకుంటారు, మేయర్ మాట వింటారు. మేయర్ లెక్క ప్రకారం పలక గ్రీన్‌లాండ్ ఒడ్డుకు దగ్గరగా పోతోంది, డిస్కో దీవి దగ్గరపడుతోంది, కాబట్టి ఏదో ఒకరోజు దిగి నడిచిపోవచ్చు. ఇపిర్విక్, టైసన్ కాదన్నారు. పలక పడమటి ఒడ్డువైపు జరుగుతోందని వాళ్ల అంచనా. వాళ్లదే నిజమైంది. కానీ డిస్కో ఆశతో నావికులు రేషన్ లెక్క చేయలేదు. మంట కావాలని రెండు పడవల్లో ఒకదాన్ని నరికి పొయ్యిలో పెట్టారు. పంతొమ్మిది మందికి ఇక ఒకే పడవ. ఆరుగురో ఎనిమిది మందో పట్టే పడవ.

ఇన్యూట్ ఇగ్లూల్లో ఆ కొరత లేదు. సీల్ అనే సముద్ర జంతువు కొవ్వు కరిగించి, గుడ్డ వత్తి వేసి వెలిగించే దీపమే వాళ్లకు పొయ్యి, వెలుతురు, వేడి. ఆ దీపాన్ని పొగ రాకుండా, ఆరిపోకుండా చూసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవడే ఆడవాళ్ల విద్య. పెమ్మికాన్ డబ్బాలతో దీపాలు చేసిచ్చి చూపించినా నావికులకు పట్టుబడలేదు. విసుగొచ్చి పడవనే కాల్చుకున్నారు.

రోజుకు తలా పదకొండు ఔన్సులు, అంటే మూడు వందల గ్రాములకు కాస్త ఎక్కువ. పిల్లలకు అందులో సగం. కొద్దిరోజులకే పెద్దవాళ్లు లేచి నిలబడితే కళ్లు తిరిగాయి. హాన్స్ పిల్లలు ఆకలికి రాత్రిళ్లు ఏడుస్తుంటే పక్క ఇగ్లూలోకి వినబడేది. టైసన్ తన డైరీలో దాన్ని మళ్లీ మళ్లీ రాసుకున్నాడు.

ఇక వేట. సీల్‌కు ఊపిరి కావాలి. అందుకని మంచులో చిన్న రంధ్రాలు ఉంచుకుంటుంది, మళ్లీ మళ్లీ అక్కడికే వస్తుంది. వేటగాడు ఆ రంధ్రం పక్కన బల్లెం పట్టుకుని నిలబడాలి. కదలకూడదు. కాలు మార్చినా కింద వినబడుతుంది. మైనస్ ముప్పై, మైనస్ నలభై చలిలో గంటలు గంటలు. బుస్సుమని శ్వాస వినబడిన క్షణంలో పోటు పడాలి. రంధ్రం అంతా చేసి అరచేయంత. చీకట్లో చూపు పనిచేయదు, చెవితోనే గురి. మంచు చీలి నీళ్లు కనబడ్డ చోట తుపాకీ పనికొస్తుంది, కానీ చచ్చిన సీల్ మునిగేలోపు చర్మపు పడవ కయాక్‌లో వెళ్లి దాన్ని పట్టుకోవాలి. ఇపిర్విక్, హాన్స్ ఇద్దరూ రోజూ చీకట్లోకి వెళ్లేవారు, ఉత్త చేతులతో వచ్చేవారు, మళ్లీ వెళ్లేవారు. నావికులు ఇగ్లూలో పడుకుని ఉండేవారు. సీల్ దొరికిన రోజున తోలు, పేగులు, కళ్లు, నెత్తురు, ఏదీ పారేయలేదు.

క్రిస్మస్ రోజున చివరి హామ్ కోశారు. గడ్డకట్టిన చిన్న ముక్క, రెండు బిస్కెట్లు, కాసిన్ని ఎండు యాపిల్స్, సీల్ నెత్తురు. పండుగ భోజనం అది.

ఆ చీకటి నెలల్లోనే ఒకరోజు ఇపిర్విక్ తన పిస్తోలు తెచ్చి టైసన్ చేతిలో పెట్టాడు. నావికుల చూపులు తనకు నచ్చడం లేదన్నాడు. అతని భయం ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఆకలి ముదిరితే ఆ తుపాకులు ముందుగా ఎవరి మీదికి తిరుగుతాయి? తన భార్య మీదికి, పెంపుడు కూతురి మీదికి, హాన్స్ పిల్లల మీదికి. తుకులిటోదీ అదే భయం. కింగ్ విలియం దీవిలో తెల్లవాళ్లు తెల్లవాళ్లను తిన్న కథను ఇన్యూట్ సాక్షుల నోట విని, ఇంగ్లీషులోకి మార్చి హాల్‌కు చెప్పింది ఆమే. డికెన్స్ పుకారని కొట్టేసినదాన్ని ఆమె సాక్ష్యంగా మోసింది. ఇప్పుడు అదే కథలోకి తన కుటుంబంతో సహా వచ్చి పడింది.

టైసన్‌కు ఇందులోని తెలివితక్కువతనమూ కనబడింది. వేటగాళ్లను చంపుకుంటే మిగిలిన పదిమంది ఎన్నాళ్లు బతుకుతారు? ఆ మాత్రం లెక్క నావికులకూ తెలిసే ఉంటుంది. ఆకలి లెక్క విననివ్వదన్నదే భయం. పిస్తోలు పేల్చాల్సిన అవసరం రాలేదు. ఎవరి మీదా చెయ్యి పడలేదు.

జనవరి 19న సూర్యుడు మళ్లీ కనిపించాడు. వెలుతురుతో పాటు వేటా పెరిగింది. ఫిబ్రవరి చివర్లో చిన్న సముద్ర పక్షులు, మార్చి మొదట్లో గడ్డాల సీల్ అనే భారీ జంతువు చిక్కాయి. ఆ ఒక్క జంతువే అందరికీ చాలా రోజులు కడుపు నింపింది, దీపాలు వెలిగించింది.

ఈ లోపల పలక బాఫిన్ దీవి తూర్పు ఒడ్డు పొడుగునా దిగుతోంది. అంటే కంబర్లాండ్ సౌండ్ ముందు నుంచే. అది ఇపిర్విక్, తుకులిటోల సొంత సీమ. వాళ్ల చుట్టాలు, వాళ్ల భాష, వాళ్ల వేట నేల. మధ్యలో విరిగిన మంచు, నీళ్లు. వెళితే వెళ్లగలిగేవారేమో. కనీసం ప్రయత్నించగలిగేవారు. జగిత్యాల, కోరుట్ల, చందుర్తి ఇండ్లలో గల్ఫ్ నుంచి రాలేక, ఉండలేక నలిగినవాళ్ల ముచ్చట్లు వింటూ పెరిగినవాళ్లకు, ఊరు పక్కనుంచే పోతూ ఊళ్లో దిగలేకపోవడం ఏమిటో చెప్పక్కర్లేదు. ఇపిర్విక్ వెళ్లలేదు. మర్నాడు మళ్లీ బల్లెం పట్టుకుని సీల్ రంధ్రం దగ్గర నిలబడ్డాడు.

ఏప్రిల్ 1 నాటికి నాలుగు మైళ్ల పలక అరిగి, విరిగి, నిలవడానికి వీల్లేనంత చిన్నదైంది. పంతొమ్మిది మందీ ఆ ఒక్క పడవలోకి ఎక్కారు. పడవ అంచు దాకా నీళ్లు. బరువు తగ్గించుకోవడానికి కష్టపడి సంపాదించిన మాంసాన్నే సముద్రంలోకి విసిరారు. అక్కడి నుంచి ఒక పలక మీది నుంచి ఇంకో పలక మీదికి గంతులు.

ఏప్రిల్ 20 రాత్రి అన్నిటికంటే ఘోరం. తుఫాను అలలు పలక మీదుగా ఇటు నుంచి అటు దొర్లాయి. గుడారం పోయింది, తోళ్లు పోయాయి. ఆడవాళ్లనూ పిల్లలనూ పడవలో కూర్చోబెట్టి, మగవాళ్లు పడవకు రెండు పక్కలా వేలాడుతూ దాన్ని మంచుకు అదిమిపట్టారు. ప్రతి అలా పడవను పలక అంచుదాకా జరిపేది. అల తగ్గగానే మళ్లీ నడుమకు లాక్కొచ్చేవారు. మళ్లీ అల. తెల్లవారేదాకా ఇదే. కొట్టుకొచ్చే మంచు ముక్కలు కాళ్లకు తగులుతున్నాయి. ఆ రాత్రి ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు, జర్మన్లు, అమెరికన్లు, ఇన్యూట్‌లు అన్న తేడా కనబడలేదు. పొద్దున చూస్తే పంతొమ్మిది మందీ ఉన్నారు. తిండి మాత్రం లేదు.

రెండు రోజులకు దూరాన ఒక ధ్రువపు ఎలుగు కనబడింది. ఇపిర్విక్, హాన్స్ అందరినీ మంచు మీద బోర్లా పడుకోమన్నారు, సీళ్ల మందలాగా. ఎలుగు ఆశతో దగ్గరికొచ్చింది. ఇద్దరూ కాల్చారు. ఆకలితో వేటకొచ్చిన జంతువే ఆకలిగొన్న మనుషుల పాలైంది.

ఏప్రిల్ 30, 1873. లాబ్రడార్ తీరం దగ్గర పొగమంచు. మంచు తెర కాస్త తొలగినప్పుడు ఒక స్టీమరు కనబడింది. హాన్స్ తన కయాక్ ఎక్కి, పొగమంచులోకి తెడ్లు వేసుకుంటూ దూసుకెళ్లాడు. అది టైగ్రెస్ అనే సీల్ వేట ఓడ, కెప్టెన్ ఐజాక్ బార్ట్‌లెట్. మంచు మీద ఎన్నాళ్లుగా ఉన్నారని అడిగితే అక్టోబరు నుంచి అన్న జవాబు విని, ఓడ మీదివాళ్లు మొదట నమ్మలేదు. సుమారు 1,800 మైళ్లు, అంటే 2,900 కిలోమీటర్లు కొట్టుకొచ్చారు. మన దేశం ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొస దాకా 3,200 కిలోమీటర్లు. అంత దూరం, ఆరున్నర నెలలు, ఇంజను లేకుండా, తెరచాప లేకుండా, కరుగుతున్న మంచు మీద. ఒక్క ప్రాణం పోలేదు. ఎనిమిది నెలల చార్లీ పోలారిస్ తల్లి వీపున కళ్లు తెరిచి చూస్తున్నాడు.

*

పోలారిస్ మీద మిగిలిన పద్నాలుగు మందీ బతికారు. ఓడ పాడైతే గ్రీన్‌లాండ్ ఒడ్డుకు చేర్చి, అక్కడి ఇన్యూట్‌ల సాయంతో చలికాలం గడిపి, ఓడ చెక్కలతో పడవలు చేసుకుని బయల్దేరితే, ఒక స్కాటిష్ తిమింగల ఓడ ఎక్కించుకుంది. పేరు గుర్తుండిపోయేది టైసన్‌దే. డైరీ ఆయన రాశాడు కాబట్టి. ఆ డైరీలోనే తమ ప్రాణాలు ఆ ఇద్దరు వేటగాళ్ల దయ అని ఆయన ఒప్పుకున్నాడు కూడా. పత్రికలు మాత్రం ఆ భాగం దగ్గర ఎక్కువసేపు ఆగలేదు.

తుకులిటో, ఇపిర్విక్ కనెక్టికట్ రాష్ట్రం గ్రోటన్ ఊళ్లో ఇల్లు తీసుకున్నారు. తుకులిటో బట్టలు కుట్టేది. పనిక్ బడికి వెళ్లింది. కానీ మంచు పలక మీద గడిపిన ఆ చలికాలం తర్వాత పనిక్ ఆరోగ్యం తిరిగి కోలుకోలేదు. 1875 మార్చిలో, తొమ్మిదేళ్లకే పోయింది. 1876 డిసెంబరు 31న తుకులిటో కన్నుమూసింది, ముప్పై ఎనిమిదేళ్లకు. ఇద్దరి సమాధులూ గ్రోటన్‌లోనే ఉన్నాయి. ఇపిర్విక్ 1878లో అమెరికా సైనికాధికారి ఫ్రెడరిక్ ష్వాట్కాతో మళ్లీ ఉత్తరానికి వెళ్లాడు. ఫ్రాంక్లిన్ మనుషుల జాడ వెతుకుతూ మూడు వేల మైళ్లకు పైగా కుక్కల బండ్ల మీద తిరిగిన యాత్ర అది. ష్వాట్కా వెనక్కి వచ్చాడు. ఇపిర్విక్ అక్కడే ఉండిపోయాడు.

ఇన్యూట్‌ల మాట నిజమా కాదా అన్న తగవు తీరడానికి ఇంకో నూరేళ్లు పట్టింది. 1990లలో కింగ్ విలియం దీవి దగ్గర దొరికిన ఎముకల మీద కత్తి గాట్లు శాస్త్రవేత్తలు గుర్తించారు. 2014లో ఎరెబస్ ఓడ దొరికింది, ఓడ మునిగిందని ఇన్యూట్ పెద్దలు చెబుతూ వచ్చిన ప్రాంతంలోనే. 2016లో టెర్రర్ దొరికింది, సామీ కోగ్విక్ అనే ఇన్యూట్ తను చూసిన ఒక కర్ర మాట చెప్పినందుకు. జాన్ రే బతికుండగా సర్ బిరుదు రాలేదు. డికెన్స్ మాట వెనక్కి తీసుకోలేదు.

హాన్స్ హెండ్రిక్ మాత్రం మరొకరు తన కథ చెప్పేదాకా ఆగలేదు. గ్రీన్‌లాండ్ భాషలో తన జీవితాన్ని తనే రాసుకున్నాడు. హెన్రీ రింక్ అనే డేనిష్ పండితుడి అనువాదంలో 1878లో అది లండన్‌లో అచ్చయింది. అప్పటికే అతను ఒక బ్రిటిష్ యాత్రకూ వెళ్లొచ్చాడు. గ్రీన్‌లాండ్‌కూ కెనడాకూ నడుమ జలసంధిలో చెట్టూ చేమా లేని రాతి దీవి ఒకటుంది, వైశాల్యం ఒకటింబావు చదరపు కిలోమీటర్లు. దాని పేరు హాన్స్ దీవి. డెన్మార్క్, కెనడా అది నాదంటే నాదని దశాబ్దాలు వాదించుకున్నాయి. ఒకరి జెండా పీకి ఒకరు పాతుతూ, పోతూ పోతూ ఎదుటివాళ్ల కోసం మద్యం సీసా పెట్టిపోయేవారు. 2022 జూన్‌లో దాన్ని పంచుకోవడానికి సంతకాలు చేశారు.